ఊళ్లోకా, పల్లెలోకా? విజయవాడ నుంచి వేటపాలెం దాకా

విజయవాడ నుంచి గూడూరు వైపు వెళ్లే రైలు మార్గంలో తెనాలి దాటాక చుండూరు, బాపట్ల, స్టూవర్టుపురం, చీరాల, వేటపాలెం స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఎక్స్‌ప్రెస్ బండిలో కునుకు తీసేలోపే ముగిసిపోయే దారి ఇది. ఎదురుపడిన మనిషి పుట్టుకను అంచనా వేసి, దాన్నిబట్టి మాటనూ కుర్చీనీ గ్లాసునూ ఎంచి ఇచ్చే అలవాటు ఎంత దూరం పోగలదో, ఈ కొద్దిపాటి దారి చెప్పినంత స్పష్టంగా నాకు మరే ప్రయాణమూ చెప్పలేదు.

క్రిస్మస్‌కు చీరాలలోని మేనత్త ఇంటికి వెళ్తూ నా సహోద్యోగి నన్నూ రమ్మంది. మేమిద్దరం ఒకే ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాం. ఒకే వయసు, ఒకే జీతం, కట్టుకునేవి ఒకే రకం నేత చీరలు. నేను ఈ జిల్లాల్లో భూములున్న కులాల్లో ఒకదానిలో పుట్టాను. ఆమె కారంచేడులో, మాదిగ కుటుంబంలో పుట్టింది. ఆ ఒక్క తేడా వల్ల దారి పొడవునా మనుషులు మాతో మెలిగిన తీరు ఎలా మారుతూ వచ్చిందో మరచిపోకముందే రాసిపెట్టాలనిపించి, ఆమె అనుమతి తీసుకుని రాస్తున్నాను.

డిసెంబర్ 20, విజయవాడ

పొద్దున్నే బందరు రోడ్డు దగ్గర ఒక బండి మీద ఇడ్లీ తిన్నాం. వేడి ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి వేసి, పక్కన అల్లం చట్నీ పోసి ప్లేటు 40 రూపాయలకు ఇస్తున్నాడు. బండి చుట్టూ పదిహేను మందికి తక్కువ లేరు. కారు దిగి వచ్చినవాళ్లను ఆయన ‘రండి సార్’ అంటున్నాడు, మోటార్ సైకిల్ మీద వచ్చినవాళ్లను ‘చెప్పన్నా’ అంటున్నాడు, కాలేజీ పిల్లలను ‘ఏం కావాలమ్మా’ అంటున్నాడు. రోడ్లు ఊడ్చే ఒకావిడ మాత్రం తన స్టీలు డబ్బా పట్టుకుని కాస్త ఎడంగా, కాలువ గట్టున నిలబడి ఉంది. అక్కడ నిలబడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా ఆమెతో దురుసుగా ఏమీ మాట్లాడలేదు. వంతు వచ్చినప్పుడు చెయ్యి చాపి డబ్బా అందుకుని, నాలుగు ఇడ్లీలు వేసి, మిగిలినవాళ్లకు వేసినంత నెయ్యే వేసి ఇచ్చాడు. ఆయన ఆమెను ఏమనీ పిలవలేదన్న సంగతి నా సహోద్యోగి చెప్పేదాకా నేను గమనించలేదు. ‘సార్’కూ ‘అన్నా’కూ ‘అమ్మా’కూ తర్వాత ఆమె కోసం ఆయన దగ్గర ఏ పిలుపూ మిగల్లేదు.

అక్కడి నుంచి స్వరాజ్ మైదానానికి వెళ్లాం. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 2024 జనవరి 19న ఇక్కడ ఆవిష్కరించారు. ఆటోలు మాట్లాడుకుని పల్లెటూళ్ల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వస్తున్నారు. చద్దిమూటలూ నీళ్ల సీసాలూ సంచుల్లో కనబడుతున్నాయి. ఒక నడివయసు స్త్రీ తమ కుటుంబాన్ని ఫొటో తీయమని మా దగ్గరకు వచ్చింది. ఫోను నా చేతికి ఇస్తూ ‘మేడమ్, కొంచెం తీయండి’ అన్నది; నా సహోద్యోగి వైపు తిరిగి ‘అక్కా, నువ్వు కూడా మా పక్కన నిలబడు’ అన్నది. మా ఇద్దరి పేర్లూ ఆమెకు తెలియవు. రంగును చూసిందో, మెడలో మంగళసూత్రం లేకపోవడాన్ని చూసిందో, విగ్రహం వైపు తలెత్తి చూసిన తీరును చూసిందో, ఎవరు తనవాళ్లో క్షణంలో పోల్చుకుంది. పుట్టుకను పసిగట్టడం ఎప్పుడూ దూరం పెట్టడానికే కాదని, దగ్గరకు తీసుకోవడానికి కూడా అదే చూపు పనిచేస్తుందని ఆ ఫొటో తీస్తున్నప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం పటమటలోని నాస్తిక కేంద్రానికి వెళ్లాం. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు (1902–1975) వృక్షశాస్త్రం చెప్పే ఉపన్యాసకుడు. నాస్తిక భావాల వల్ల ఉద్యోగాలు పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఈ కేంద్రాన్ని మొదలుపెట్టి, 1947లో పటమటకు తరలించారు. ఆయనా సరస్వతీ గోరా కులాల పట్టింపు లేకుండా అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించారు. ఉపన్యాసాలు వినడానికి వచ్చినవాళ్లు భోజనం దగ్గర లేచి వెళ్లిపోయే కాలంలో, ఆ వరుసలో కూర్చోవడమే ఒక నిర్ణయం. పిల్లలకు దేవుడి పేర్లూ కులం పేర్లూ తగలకుండా లవణం, సమరం వంటి పేర్లు పెట్టుకున్నారు. లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహం చేసుకున్నారు. ఆ పేర్ల గురించి మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. ‘పేరులో ఏమీ దొరక్కపోతే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరులో దొరక్కపోతే ఊరు అడుగుతారు, ఊరు చెబితే ఏ బజారని అడుగుతారు’ అన్నది నా సహోద్యోగి. మర్నాడు రైలెక్కాక ఆ ప్రశ్నలన్నీ అదే వరుసలో వచ్చాయి.

డిసెంబర్ 21, తెనాలి దాటి చుండూరు

విజయవాడ నుంచి తెనాలికి ప్యాసింజరు టికెట్టు 10 రూపాయలు. మా ఎదుటి సీటులో కూర్చున్న పెద్దావిడ గంపలో నుంచి తేగలు తీసి, ఒలిచి, చీల్చి, చెరొకటి ఇచ్చింది. ఆ చేతిలో ఉన్న ఆదరణ నిజమైనది. అందులో సందేహం లేదు. ‘ఎందాకమ్మా?’ అని మొదలుపెట్టి, ఏ ఊరు, ఏం చేస్తారు, పిల్లలెంతమంది అని అడుగుతూ, చివరికి మెల్లగా ‘ఇంటిపేరేంటి?’ అన్నది. నేను చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. ‘అయితే మనోళ్లే!’ అని, ఫలానా ఊళ్లో ఫలానావాళ్లు మీకేమవుతారని అడిగింది. తర్వాత నా సహోద్యోగి వైపు తిరిగింది. అంతసేపూ ఇద్దరినీ ‘మీరు’ అంటున్న మనిషి, ఆమె ఇంటిపేరు విన్నాక, కాసేపు ఆలోచించి, ‘నువ్వు కూడా ఆ కాలేజీలోనేనా అమ్మాయ్?’ అన్నది. గొంతులో కోపం లేదు, చులకన కూడా లేదు. తేగ ఇంకొకటి ఇచ్చింది కూడా. మారింది ఆ ఒక్క ‘మీరు’ మాత్రమే.

చుండూరులో దిగి, హత్యకు గురైన దళితుల సమాధులున్న రక్తక్షేత్రానికి దారి అడుగుతూ నడిచాం. ఒకచోట ఎడమకు తిరగాల్సింది కుడికి తిరగడం వల్ల వరి కోసిన పొలాల మధ్యకు వెళ్లిపోయాం. కుప్పలు వేసిన గడ్డి, పొలంలో మినుము మొలకలు, గట్టు మీద మేకలు, అంతా ప్రశాంతంగా ఉంది. సైకిల్ మీద వస్తున్న ఒక బడిపిల్ల దిగి, సైకిల్ నడిపించుకుంటూ మమ్మల్ని వెనక్కు తీసుకొచ్చింది. అంతకు ముందు మేం దారి అడిగిన ఒక పెద్దమనిషి, ‘ఎందుకమ్మా ఇప్పుడవన్నీ’ అని మాత్రమే అన్నాడు.

1991 ఆగస్టు 6న ఈ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపారు. దానికి కొన్ని వారాల ముందు జరిగింది చాలా చిన్న సంగతి. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులో కూర్చున్న అగ్రకులస్థుడికి తగిలింది. నిత్యం ఏ హాల్లోనైనా జరిగేదే. ‘సారీ’ అంటే తీరిపోయేదే. కాలు ఎవరిది, సీటు ఎవరిది అన్న లెక్క మొదలయ్యాక అది సాంఘిక బహిష్కరణగా పెరిగి, ఎనిమిది ప్రాణాల దాకా వెళ్లింది. విచారణ కోసం ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. చనిపోయినవాళ్లను ఊరి మధ్యనే పాతిపెట్టారు. సమాధుల మీద పేర్లు చదువుతున్నంతసేపూ నా సహోద్యోగి ఒక్క మాటా మాట్లాడలేదు. స్టేషనుకు తిరిగి వస్తున్నప్పుడు మాత్రం, ఇప్పటికీ సినిమాకు వెళ్తే తాను కాళ్లు సీటు కిందకు ముడుచుకునే కూర్చుంటానని చెప్పింది.

డిసెంబర్ 22, దారిలో ఒక ఊరు

ఈ ఊరి పేరు రాయను. మా అమ్మకు పినతల్లి కూతురు, నాకు పిన్ని, ఇక్కడ ఉంటుంది. రోడ్డు మీద బస్సు దిగి ఆటో ఎక్కగానే డ్రైవరు అడిగిన మొదటి మాట ‘ఊళ్లోకా, పల్లెలోకా?’ అన్నదే. ఇక్కడ పల్లె అంటే దళితవాడ. నేను పిన్ని వాళ్ల ఇంటి ఆనవాలు చెప్పగానే ఆయన సీటు మీది దుమ్ము గుడ్డతో తుడిచి, ‘వాళ్లింటికా అమ్మా, గేటు దాకా తీసుకెళ్తా’ అన్నాడు. 30 రూపాయలు తీసుకున్నాడు. మా వెనక కూర్చున్న ఇద్దరు స్త్రీలు ‘పల్లెలోకి’ అన్నారు. వాళ్ల దగ్గరా 30 రూపాయలే తీసుకుని, దళితవాడకు తిరిగే మలుపు దగ్గర దింపేశాడు. అక్కడి నుంచి ఇళ్లకు ఇంకా చాలా దూరముంది. సిమెంటు రోడ్డూ ఉంది.

పిన్ని మంచిది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత రాసేదంతా చదివి ఆమెను క్రూరురాలని ఎవరూ అనుకోకూడదు. మా ఇద్దరినీ చూసి గుమ్మంలోకి ఎదురొచ్చింది. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది. ‘లోపలికి రావే’ అని నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, పొయ్యి మీద గోంగూర కలుపుతూ, గొంతు తగ్గించి ‘ఆ అమ్మాయి ఎవరాళ్లు?’ అని అడిగింది. చెప్పాను. ‘అలాగా’ అన్నది. గరిటె ఆగలేదు. కొద్దిసేపటికి వసారాలోకి వెళ్లి, ‘లోపల ఉక్కగా ఉంది, మీరిక్కడే గాలికి కూర్చోండమ్మా’ అని నా సహోద్యోగికి కుర్చీ వేసింది. డిసెంబర్‌లో, ఉదయం పదకొండు గంటలకు, ఆ ఇంట్లో ఉక్కపోత ఏమీ లేదు.

కాఫీ వచ్చింది. ఇద్దరికీ కాగితం గ్లాసుల్లోనే వచ్చింది. పూర్వం రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు చూరులోనో గోడ మీదో పెట్టి, తాగినవాళ్లే కడిగి పెట్టేలా చేసేవారు. కాగితం గ్లాసు వచ్చాక ఆ ఇబ్బంది ఎవరికీ లేకుండా పోయింది. అడిగితే శుభ్రత కోసమంటారు. చాలాచోట్ల అది నిజం కూడా. భోజనాల దగ్గర కూడా ‘గిన్నెలు తోమే మనిషి రాలేదు’ అంటూ మా ఇద్దరికీ కాగితం ప్లేట్లు వేసింది. బాబాయి మాత్రం తన స్టీలు కంచంలోనే తిన్నాడు. నేను నా ప్లేటు పట్టుకుని వసారాలోకి వెళ్లి, నా సహోద్యోగి పక్కన కూర్చుని తిన్నాను. పిన్ని వద్దనలేదు, పెరుగు తానే తెచ్చి ఇద్దరికీ వేసింది. గోంగూర, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, గడ్డ పెరుగు. వంట అద్భుతంగా ఉంది. నా సహోద్యోగి మారు అడిగి మరీ వేయించుకుంది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు ప్రహరీ గోడ మీద బోర్లించిన ఒక స్టీలు గ్లాసు, సొట్టలు పడ్డ ఒక కంచం కనిపించాయి. అవి రాని పనిమనిషివి. నా కంటే ముందే నా సహోద్యోగి వాటిని చూసింది. ‘మా అమ్మ గ్లాసు కూడా ఇలాగే గోడ మీద ఉండేది. నేను పనికి తోడు వెళ్లినప్పుడు నాకూ అందులోనే పోసేవాళ్లు’ అన్నది, ఊరి వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా.

బయలుదేరేటప్పుడు పిన్ని గోంగూర పచ్చడి సీసాలు రెండు తెచ్చి, ఒకటి నాకూ ఒకటి ఆమెకూ ఇచ్చింది. ‘మీ పిల్లలకు పెట్టమ్మా’ అని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ ప్రేమ నటన కాదు. ఈ ఇంటి నుంచి వండిన పదార్థం బయటకు ఎవరికైనా వెళ్తుంది. బయటి నుంచి లోపలికి మాత్రం అందరి దగ్గర నుంచీ రాదు. పిన్ని తరం స్త్రీలు ఉదారంగా ఉంటూనే ఈ కట్టుబాటును ఎలా కాపాడుకుంటూ వచ్చారో ఆ సీసా చేతికి వచ్చినప్పుడు నాకు తెలిసింది. మంచి మనిషి కాబట్టే ఆమెతో ఈ విషయం మాట్లాడటం కష్టం. ఒక దుర్మార్గుడితో పోట్లాడవచ్చు. చెయ్యి పట్టుకుని పచ్చడి ఇచ్చిన మనిషితో ఏమని మొదలుపెట్టాలి?

డిసెంబర్ 23, స్టూవర్టుపురం

బాపట్ల దాటాక వచ్చే చిన్న స్టేషను ఇది. నేరస్థ జాతుల చట్టం అమల్లో ఉన్న రోజుల్లో, 1913 ప్రాంతంలో, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో ఎరుకలవారి కోసం ఈ సెటిల్‌మెంటు ఏర్పడింది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, హాజరు వేయించుకుంటూ, అనుమతి చీటీ లేకుండా బయటకు వెళ్లనీయకుండా ఉంచిన మనుషులు వీళ్ల తాతముత్తాతలు. వాళ్లలో చాలామంది చీరాల పొగాకు కంపెనీలో కూలీలుగా పనిచేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. హేమలతా లవణం, లవణం దంపతులు తర్వాతి కాలంలో ఇక్కడ ఏళ్ల తరబడి సంస్కరణ పనిచేశారు.

బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతుంటే ఇంజనీరింగ్ చదివిన ఒక అబ్బాయి కలిశాడు. హైదరాబాద్‌లో ఒక హాస్టల్లో చేరడానికి ఆధార్ కార్డు చూపిస్తే, అక్కడి మనిషి చిరునామా చదివి నవ్వి, ‘సామాన్లు జాగ్రత్తరోయ్’ అని పక్కవాళ్లకు చెప్పాడట. గది దొరికింది, అందరూ స్నేహితులూ అయ్యారు. కానీ నాలుగేళ్లలో ఎవరి వస్తువు కనబడకపోయినా మొదట తన వైపు చూసేవారట. సినిమాలు ఈ ఊరి పేరును దొంగతనానికి మారుపేరుగా వాడుకుని డబ్బు చేసుకున్నాయి. ‘ఎవరైనా అడిగితే బాపట్ల అని చెబుతా మేడమ్. మా చెల్లి మాత్రం స్టూవర్టుపురమనే చెబుతుంది. దానికి ధైర్యమెక్కువ’ అన్నాడు. టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనీయలేదు.

డిసెంబర్ 24, 25, చీరాల

చీరాలలో దిగేసరికి ఇంటింటికీ కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి. మేనత్త ఉండేది విజయనగర్ కాలనీలో. మేం వెళ్లేటప్పటికి అరిసెలు వత్తుతున్నారు. బెల్లం పాకం వాసన సందు మొదటి నుంచే వస్తోంది. గుమ్మంలో నా చేతిలో సంచి అందుకుని, నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లి, పీట వేసి, ‘కూచో తల్లీ, ముందు వేడివేడిగా ఇది తిను’ అని నువ్వులద్దిన అరిసె చేతిలో పెట్టింది. నా ఇంటిపేరు ఆమె అడగలేదు. అడగాల్సిన పని లేదు. మేనకోడలు ముందే చెప్పి ఉంటుంది. కానీ నేను అరిసె నోట్లో పెట్టుకునేదాకా అత్త కళ్లు నా మీదే ఉన్నాయి. నేను తిన్నాక ఆమె మళ్లీ నూనె మూకుడు వైపు తిరిగింది. ఆ చూపును నేను మరచిపోలేను. నా కులపు మనుషులు ఎన్నిసార్లు ‘ఇప్పుడే తిన్నాం’, ‘ఉపవాసం’, ‘షుగరు’ అని చెప్పి ఉంటే ఒక మనిషికి అలా చూడటం అలవాటవుతుంది!

ఈ కాలనీ పుట్టుక అందరికీ తెలిసిందే. 1985 జూలై 17న కారంచేడులో మాదిగ వాడ మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. దానికి ముందు రోజు జరిగింది ఒక మంచినీళ్ల చెరువు దగ్గర. తాము నీళ్లు తెచ్చుకునే చోట గేదెలను కడుగుతుంటే, నీళ్లు పాడవుతున్నాయని ఒక దళిత కుర్రవాడు అభ్యంతరం చెప్పాడు. అతని మీద చెయ్యి చేసుకోబోతే, నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ చేతిలో బిందె ఎత్తి అడ్డుకుంది. అంతే. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చర్చి ఆవరణలోకి వచ్చి శిబిరంలో ఉన్నారు, ఊరికి తిరిగి వెళ్లబోమని చెప్పారు. అలా ఊరొదిలి వచ్చినవాళ్లు స్థిరపడిన చోటే ఈ కాలనీ. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది ఆ ఉద్యమంలోనే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి వెనుక ఉన్న ఒత్తిడిలో కారంచేడు కూడా ఉంది.

రాజ్యాంగంలోని 15వ అధికరణంలో రెండో క్లాజు 1950 నుంచీ ఉంది. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, వీటిని వాడుకోవడంలో కులాన్ని బట్టి ఎవరినీ అడ్డుకోకూడదని ఒక్కొక్కటీ పేరుపెట్టి రాశారు. తరగతిలో ఈ జాబితాను ఏళ్లుగా చెబుతున్న నా సహోద్యోగికి అది కంఠతా వచ్చు. మనుషులు రోజూ ఒకరికొకరు ఎదురుపడే చోట్లేవో రాసినవాళ్లకు బాగా తెలుసు. ముప్పై అయిదేళ్ల తర్వాత కారంచేడులో చెరువు దగ్గర, నలభై ఒక్క ఏళ్ల తర్వాత చుండూరులో సినిమా హాల్లో, ఆ జాబితాలోని మాటల దగ్గరే నెత్తురు చిందింది. వంటిల్లు ఆ జాబితాలో లేదు. ఏ రాజ్యాంగమూ వంటింటి గురించి రాయదు.

రాత్రి పిండివంటల పని అయ్యాక అత్త పాత సంగతులు చెప్పింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. ‘ఊరొదిలొచ్చాక పనుల్లేక చాలా అగచాట్లు పడ్డాం తల్లీ. తిండికి లేని రోజులున్నాయి. కానీ పొద్దున్నే వాకిట్లోకొచ్చి ఏమే, ఒసే అని కేకేసేవాళ్లు మాత్రం లేరు. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి రేషన్ కొట్టాయన’ అన్నది. చీరాల నుంచి కారంచేడుకు షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. వెళ్దామా అని నా సహోద్యోగి ఒకసారి అన్నది. అత్త తలెత్తి చూసింది. మేం వెళ్లలేదు.

క్రిస్మస్ రోజు చర్చి నుంచి వచ్చాక కోడి పులావు, పెరుగు చట్నీ, వాడరేవు నుంచి తెచ్చిన రొయ్యల వేపుడు. భోజనాలయ్యాక అత్త నేల మీద కూర్చుని, పంచాల్సిన పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. రెండు రకాలు కడుతోంది: కొన్నింటిలో అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు, మరికొన్నింటిలో బేకరీ నుంచి తెప్పించిన కేకు ముక్కలు, ఆపిల్ పళ్లు. కాలనీలో ఇళ్లకూ, నేత పనివారిలో తన స్నేహితురాళ్లకూ మొదటి రకం. మెయిన్ రోడ్డు మీద కొట్ల వాళ్లకూ, మనవడి ట్యూషన్ మాస్టారికీ, పాత ఇంటి యజమానికీ రెండో రకం. ఎవరికి ఏదని ఎవరూ అడగలేదు, కాగితం మీద రాసుకోలేదు. మా పిన్నికి కూడా ఇస్తానని నేనంటే, అత్త కేకు పొట్లం తీసి నా వైపు జరిపింది. ‘అరిసెలు ఇవ్వండి’ అన్నాను. ‘వాళ్లను ఇబ్బంది పెట్టడమెందుకు తల్లీ, తీసుకోలేక, కాదనలేక’ అన్నది. తన చేతి వంట వద్దనేవాళ్ల మొహమాటాన్ని కూడా ఆమే మోస్తోంది. చాలాసేపు బతిమాలితే రెండు పొట్లాలూ ఇచ్చింది.

డిసెంబర్ 26, వేటపాలెం, తిరుగు ప్రయాణం

వేటపాలెంలో సారస్వత నికేతనం చూడకుండా వెళ్లకూడదని నేనే పట్టుబట్టాను. 1918లో స్థాపించిన ఈ గ్రంథాలయం భవనానికి గాంధీజీ 1929లో శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు, దళసరి అట్టల పుస్తకాలు, పొడవాటి బల్లలు. ఒక బల్ల దగ్గర పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఆడపిల్లలు మా సహోద్యోగి అధ్యాపకురాలని తెలిసి చుట్టూ చేరి, రాజనీతి శాస్త్రంలో సందేహాలు అడిగారు. గంటసేపు చెప్పింది. అక్కడ ఎవరూ ఇంటిపేరు అడగలేదు. బయటకు వచ్చి జీడిపప్పు కొన్నాం. గుండు పప్పు ధర ఎక్కువ, బద్దలు కొంటే పాయసానికి అదే రుచి.

తిరుగు రైల్లో ఎదుట కూర్చున్న ఒక రైతు మామూలు ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఈసారి ఇంటిపేరు దాకా రానీయకుండా నా సహోద్యోగి, ‘మాది కారంచేడు, మాదిగవాళ్లం, ఇప్పుడు చీరాల కాలనీలో ఉంటాం’ అని ఒక్కసారే చెప్పేసింది. ఆయన మాట ఆగిపోయింది. కిటికీలో నుంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. బాపట్ల దాటాక, తన మేనల్లుడు డిగ్రీ ఏ గ్రూపులో చేరితే ఉద్యోగం వస్తుందని అడిగాడు. ఆమె మార్కులెన్నని అడిగి, వివరంగా చెప్పి, కావలసిన సర్టిఫికెట్లు కాగితం మీద రాసిచ్చింది. తెనాలిలో దిగుతూ ఆయన ‘వస్తానండీ మేడమ్ గారూ’ అన్నాడు. కులం తెలిశాక పోయిన గౌరవం, చదువుతో పని పడ్డాక తిరిగి వచ్చింది. పనితో సంబంధం లేకుండా ఉండవలసిన గౌరవం అది అని నేనన్నాను. ‘ముందు వచ్చింది కదా, ఉండనీ’ అన్నది ఆమె.

పొట్లాలు రెండూ పిన్ని కొడుకుకు ఇచ్చి పంపాను. రెండు రోజుల తర్వాత పిన్ని ఫోన్ చేసి, కేకు చాలా మెత్తగా ఉందని, పిల్లలు ఇష్టంగా తిన్నారని చెప్పింది. అరిసెల మాట ఎత్తకపోతే నేనే అడిగాను. పనిమనిషి పిల్లలకు ఇచ్చేశానని, పండగ పూట వాళ్లూ సంతోషపడ్డారని అన్నది. ఆ రోజు నేను ఊరుకోలేదు. అత్త గురించి, కారంచేడు గురించి, వసారాలో వేసిన కుర్చీ గురించి, గోడ మీద గ్లాసు గురించి ఒక్కొక్కటే చెప్పాను. పిన్ని చాలాసేపు విన్నది, ‘నేనేమన్నానే ఆ అమ్మాయిని, ఒక్క మాటైనా అన్నానా’ అని మాత్రం రెండుసార్లు అన్నది. సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాను. నా సహోద్యోగిని కూడా తీసుకురమ్మని చివర్లో తానే అన్నది. అరిసెల సంగతి నా సహోద్యోగికి చెప్పాను. సంక్రాంతికి వస్తానంది. అత్తకు మాత్రం ఆ పొట్లం ఏమైందో చెప్పవద్దంది.